ధర్మసాగర్‌లో మా ఐర్లాండ్

ఎనభైల్లో మా పాతికేళ్ళ పెళ్ళిరోజుకు నేనూ మా ఆవిడా, నలుగురు మిత్రులతో కలిసి ఐర్లాండ్ వెళ్ళొచ్చాం. వరంగల్ నుంచి అంత దూరం పోయింది మేమే.

సరే, ఒప్పుకుంటాను. వెళ్ళింది మా ఊరి పక్కనే ఉన్న ధర్మసాగర్ చెరువుకు. వానాకాలంలో అది మా బట్టల దుకాణం క్యాలెండర్‌లోని ఐర్లాండ్ బొమ్మలా పచ్చగా ఉంటుందని నేనే ఆ పేరు పెట్టాను.

వస్తామన్న ఆ నలుగురు మిత్రులూ రాలేదు. ఆరుగురికి పులిహోర తెచ్చిన మా ఆవిడ, బస్సు వచ్చినప్పుడల్లా లేచి నిలబడింది. "జర ఆగుదాం, వస్తరు" అంది. సాయంత్రం దాకా ఎవరూ దిగలేదు. మిగిలిన పులిహోర చేపలకు వేశాం.

ఇంటికి రాగానే పక్కింటామె అడిగింది, "అందరొచ్చిన్రా అక్కా?"

"అందరొచ్చిన్రు చెల్లె. ఒక్క మెతుకు మిగల్లే" అంది మా ఆవిడ, నా వైపు చూడకుండా.

ఐర్లాండ్ అబద్ధం నాది. ఆరుగురం అన్నది ఆమెది. ఆమె పోయాక రెండూ నేనే చెబుతున్నాను.