మంగళవారం కోట తెరవరు

అప్ప పోయిందని నాకు మంగళవారం పొద్దున తెలిసింది. నేను పనిచేసే ఇంట్లో పిల్లల బట్టలు ఇస్త్రీ చేస్తా ఉంటే గోదావరి వదిన వాయిస్ మెసేజ్ పెట్టింది. "అక్క వెళ్లిపోయిందే" అని ఒక్క మాట అని, తర్వాత ఉత్త ఏడుపే పెట్టింది. ఆస్పత్రికి తీసుకపోతా ఉంటే దారిలోనే గుండె ఆగిపోయిందంట. నేను ఇస్త్రీపెట్టె ఆపి, బాత్రూములోకి పోయి, కొళాయి తిప్పుకొని ఏడ్చినాను. పరాయి ఇంట్లో ఏడవాలన్నా చోటు చూసుకోవాల.

మా రాయచోటి వైపు అక్కను అప్ప అంటాము. ఆమె నాకు తోడబుట్టిన అప్ప కాదు, పక్కూరామె. ఒమాన్‌లో ఈ షినాస్‌కు నేను వచ్చిన కొత్తల్లో మేడమ్ ఏమి చెప్పినా అర్థంకాక, తల ఊపుకుంటా తిరుగుతావుంటి. ఒకనాడు కూరగాయల అంగట్లో టమోటాలు ఏరుకుంటా నాలో నేనే ఏదో గొణుక్కుంటా ఉంటే, వెనకనించి "యా ఊరు మేయ్ నీది?" అని వినపడింది. ప్రాణం లేచొచ్చింది. ఆమెను పట్టుకొని, ఎవరని కూడా అడక్కుండా, ఆ అంగట్లోనే బోరుమన్నాను.

అప్ప అప్పటికి ఒక కొరియా ఇంజినీరు ఇంట్లో పనిచేస్తా ఉండె. ఆ ఇంట్లో చేరిన మొదటి దినం సంగతి ఎన్నిసార్లు చెప్పినా మాకు నవ్వే. ఆ ఇంట్లో ఒక చిన్న పాప. వాకిట్లో నిలబడి "అప్పా, అప్పా" అని ఏడుస్తా ఉంటే, ఈమె వంటింట్లోంచి "వచ్చినా తల్లీ" అని చేతులు తుడుచుకుంటా పరిగెత్తిందంట. ఎత్తుకుంటే ఇంకా ఏడుపు. దించి లోపలికొస్తే మళ్లా అదే పిలుపు, మళ్లా అదే పరుగు. ఈ బిడ్డకు మా రాయచోటి మాట ఎవరు నేర్పించినారబ్బా అని పొద్దంతా ఆలోచించిందంట. సాయంత్రం వాళ్ల మేడమ్ కడుపుపట్టుకొని నవ్వి అప్పుడు చెప్పింది, వాళ్ల భాషలో అప్ప అంటే నాయన అని. పాప ఏడ్చింది డ్యూటీకి పోయిన నాయన కోసం. కానీ పిలిస్తే పలికిన మనిషిని బిడ్డ ఎట్ల వదులుతుంది? నాలుగు దినాల్లో ఆ ఇంట్లో ఇద్దరు అప్పలయినారు, కంపెనీలో ఒకరు, వంటింట్లో ఒకరు.

ఆ పాపను చూసుకోను, సెలవుల్లో రెండుసార్లు ఆమెను కొరియాకు తీసుకపోయినారు. మేడమ్ పాపకు ఒక్కో కోటా ఒక్కో గుడీ చూపించి, వాళ్ల చరిత్ర చెప్తావుంటే, అప్పటికి వాళ్ల భాష పట్టుకున్న ఈమె పక్కన సంచీ మోస్తా విన్నది. పాపకు ఆటమీద ధ్యాస. ఈమె మాత్రం ఒక్క ముక్క కూడా మరిచిపోలేదు.

శుక్రవారం సాయంత్రం మాకు రెండు గంటలు వదులుతారు. షినాస్ సముద్రం ఒడ్డున, చేపల పడవలు ఇసుక మీదికి లాగిపెట్టే చోట కూర్చునేవాళ్లం, నేను, గోదావరి వదిన, ఇంకా నలుగురైదుగురు ఆడోళ్లు. అప్ప వచ్చీ రాగానే మా చెప్పులు విడిపించేది. "ఆ దేశంలో ఇంట్లోకి చెప్పులతో పోరు. చెప్పులు విడిచి రాండి" అనేది. ఎండకు కాగిన ఇసుక సాయంత్రానికి కూడా వెచ్చగా ఉంటుంది గదా, దానిమీద మమ్మల్ని కూర్చోబెట్టి, కొరియాలో పాతకాలపు ఇండ్లు ఇట్లే ఉంటాయని చెప్పేది. పొయ్యి వేడిని నేల కిందికి పారించి, బండలు కాగబెడతారంట. చలికాలం ఆ నేలమీదే పడుకుంటారంట.

అట్ల మొదలయ్యేది ప్రయాణం. ఒక వారం పెద్ద కోట. వాకిలి ముందర డప్పు కొడతానే కావలివాళ్లు రంగు బట్టల్లో మారతారంట. లోపల రాజు ముందర ఏ అధికారి యాడ నిలబడాల్నో రాళ్లు పాతి రాసిపెట్టినారంట. వాళ్ల పాతకాలం బట్టలు బాడుగకు తెచ్చుకొని కట్టుకుంటే టికెట్ అడగరంట. ఇంకోవారం మామూలు జనం కూడా చదువుకోవాలని అక్షరాలు చేయించిన రాజు. మరోవారం పాత రాజధాని. అక్కడ రాజుల సమాధులంటే పచ్చగడ్డి గుట్టలంట, ఊరి నడిమధ్య, చుట్టూ జనం షికారు తిరుగుతా ఉంటారంట. కొండమీద రాతిగుహలో బుద్ధుడు తూర్పు సముద్రం వైపు చూస్తా కూర్చుంటాడని చెప్పి, తనూ అట్లే వీపు నిటారుగా పెట్టి మా సముద్రం వైపు చూసేది.

చూడబోయేవాళ్లకు జాగ్రత్తలు కూడా చెప్పేది. పూలకాలంలో పోండి, లేదంటే ఆకులు ఎర్రబడేటప్పుడు పోండి, ఎండాకాలం మాత్రం వద్దు. పాతిండ్ల వీధిలో ఇంకా జనం కాపురముంటారు, గట్టిగా మాట్లాడొద్దు. "మంగళవారం పోవద్దండమ్మా, ఆపొద్దు పెద్ద కోట తెరవరు." ఎవరికి చెప్తావుండె? మా పాస్‌పోర్టులు యజమానుల బీరువాల్లో ఉన్నాయి. మస్కట్ కూడా సరిగా చూడనోళ్లం మేము. అయినా అందరం తలలూపి, మంగళవారం వద్దులే అనుకునేవాళ్లం. మీరు ఎవరైనా ఎప్పుడన్నా పోతే గుర్తుపెట్టుకోండి.

గోదావరి వైపు నించి వచ్చిందని మేము అట్ల పిలిచే గోదావరి వదిన ఒక్కతే ఎప్పుడూ కొర్రీలు వేసేది. వయసులో నాకంటే చాలా పెద్ద, అప్పకంటే రవ్వంత చిన్న. ఆమెకు అప్ప అనే మాటే గిట్టదు. "అప్పేంటమ్మా, అప్పడిగినట్టు! మేమైతే అక్కనే అంటాం" అనేది. ఎన్నేండ్లయినా అక్కా అనే పిలిచింది, పట్టు విడవలేదు. ఆ పెద్దకోట కాలిపోయిందని, తర్వాత జపానోళ్లు పడగొట్టినారని, కొరియావాళ్లు మళ్లా కొంచెం కొంచెంగా కట్టుకుంటా వచ్చినారని అప్ప చెప్పిననాడు, అయితే అది పాతది కాదుగా అని వదిన పట్టుకుంది. అప్ప కోపం చేసుకోలేదు. "ఎట్ల ఉన్నిందో గుర్తుపెట్టుకున్నోళ్లు ఉంటే చాలు మేయ్, మళ్లా కట్టుకోవచ్చు" అనింది.

ఆమెకు అన్నిటికంటే ఇష్టమైంది రాణి సమాధి. ఆ ఇంజినీరు అమ్మగారి ఊరిలో ఉందది. ఎప్పుడో మన దేశం నుంచి ఒక రాకుమార్తె ఓడెక్కి పోయిందని వాళ్ల కథ. మొదట బయలుదేరి, అలలకు ముందుకు పోలేక వెనక్కొస్తే, అలలు అణిగేటట్టు నాయన ఓడలోకి రాళ్లు ఎక్కించి పంపినాడంట. ఆ ఎర్రటి రాళ్లు ఇప్పటికీ సమాధి దగ్గర ఒక చిన్న మండపంలో పేర్చి ఉన్నాయి. అక్కడ రాజును పెండ్లాడింది, పదిమంది కొడుకులను కనింది, మళ్లా పుట్టినూరు చూళ్లేదు. చివరికాలంలో రాజును ఒకటే అడిగిందంట, ఈ దేశంలో నావాళ్లంటూ ఎవరూ లేరు, నాతోనే నా పేరు పోతుంది, అని. రాజు ఇద్దరు కొడుకులకు ఆమె ఇంటిపేరు ఇచ్చినాడు. ఆ ఇంటిపేరోళ్లు ఈ పొద్దుకీ అక్కడ లెక్కలేనంతమంది.

ఈ కథ చెప్పిన ఒక సాయంత్రం మేమిద్దరమే తిరిగొస్తా ఉంటిమి. అప్పకు పిల్లల్లేరు. మొగుడు ఎప్పుడో పోయినాడు. ఊర్లో తమ్ముడున్నా ఫోన్ చేసేది పండగలకే. నడుస్తా నడుస్తా ఉన్నట్టుండి అనింది: "ఆమె రాణి కాబట్టి అడిగింది మేయ్. మనం ఎవరిని అడగాల?"

ఆ మాట నా గుండెలో ముల్లు మాదిరి ఉండిపోయింది.

పని ముగిసి ఆ ఇంజినీరు కుటుంబం వాళ్ల దేశానికి వెళ్లిపోయిన దినం అప్ప గేటు దగ్గర నిలబడిందంట. కారులో పాప నాయన ఒళ్లోనే కూర్చొని ఉంది. కారు కదలతానే కిటికీలోంచి చేతులు చాపి "అప్పా, అప్పా" అని ఏడ్చిందంట. ఈ కథ అప్ప నాకొక్కదానికే చెప్పింది, ఒక్కసారే చెప్పింది. ఆ తర్వాత షినాస్‌లోనే ఒక అరబ్బు ఇంట్లో పనికి కుదిరింది. అక్కడ ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు.

ఆమెను ఊరికి పంపేటప్పుడు మేము చూడలేదు. డ్యూటీ వదిలి ఎవరు పంపిస్తారు? శవపెట్టెతోపాటు ఆమె బట్టలసంచీ కూడా పోయిందంట. వారం తిరక్కముందే ఆమె మంచం మీదికి ఇంకొకామె వచ్చింది. ఇన్నేండ్లు బతికిన ఊర్లో ఆమెది ఒక గుడ్డపేలిక కూడా మిగల్లేదు. రాణికైనా నాలుగు రాళ్లున్నాయి గదా అని నాకు ఆ వారమంతా ఒకటే గుబులు.

మొదటి శుక్రవారం ఎవరికీ పోబుద్ధి కాలేదు, మరుసటి శుక్రవారం సముద్రం దగ్గరికి పోయినాను. పోకుండా ఉండలేక పోయినాను. అందరూ వచ్చినారు. ఎవరూ కూర్చోలేదు, చెప్పులతోనే నిలబడి ఎండ గురించి, జీతాల గురించి రెండేసి మాటలు అనుకున్నారు. ఇంక వచ్చేవారం ఎవరూ రారని నాకు తెలిసిపోయింది. ఆమెది మిగిలిన ఒక్కటీ ఈ సాయంత్రమే, అదీ పోతావుంది.

అప్పుడు గోదావరి వదిన కొంగుతో ముక్కు తుడుచుకొని, "ఇవాళ ఎక్కడికి తీసుకెళ్తావు అప్పా?" అనింది.

నేను గబుక్కున వెనక్కి తిరిగి చూసినాను. వెనక ఎవరూ లేరు, పడవలు ఉన్నాయి. ముందుకు తిరిగితే అందరూ నన్నే చూస్తా ఉన్నారు. నేను వాళ్లందరిలోకి చిన్నదాన్ని. వదిన జన్మలో పలకనన్న మాట అది. ఆమె ఇంకోసారి పిలిచింది, ఈసారి మెల్లగా, "అప్పా" అని.

పిలిస్తే పలకాల గదా.

"చెప్పులు విడిచి రాండి" అన్నాను. ఒక్కొక్కరే విడిచినారు. పడవ పక్కన చెప్పులన్నీ వరసగా, మొనలు సముద్రం వైపు పెట్టి ఉన్నాయి. కాళ్ల కింద ఇసుక ఇంకా వెచ్చగానే ఉంది.