ముంగిట్లో కొలిచిన వాన

మదనపల్లె గ్రంథాలయంలో వ్యవసాయం పుస్తకాలు చివరి బీరువాలో ఉండేవి. ఆ బీరువా మొత్తం చదివాను; కొన్నిటిని రెండుసార్లు. పదో తరగతితో చదువు ఆగినవాడికి అది చిన్న సంగతి కాదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. వానను బట్టి పంట దిగుబడిని ముందే అంచనా వేసే పద్ధతి నాకు అక్కడే దొరికింది. ఒక్కో ఏటి వానకూ ఆ ఏటి దిగుబడికీ గ్రాఫు కాగితం మీద ఒక చుక్క పెట్టాలి. చుక్కల మధ్యగా గీత గీస్తే, ఈ ఏటి వానకు ఎంత పంట వస్తుందో ఆ గీత చెబుతుంది.

మా ఊరు పెద్దపంజాణికి దగ్గర. పాత వానల లెక్క పుంగనూరులో ఒక ఆఫీసుకు వెళ్లి రాసుకొచ్చాను. మా చేన్లో వేసేది వేరుశనగ. ఏ ఏడు ఎన్ని మూటల చెనిక్కాయలు వచ్చాయో అన్న చెప్పాడు. ఈ ఏటి వానకు సొంతంగా ఒక కొలపాత్ర కొన్నాను. గోడా చెట్టూ అడ్డం లేని చోట, నేలకు అడుగెత్తున పెట్టాలని పుస్తకంలో ఉంది. మా ఇంట్లో అలాంటి చోటు వాకిలి ముందరి ముంగిలి ఒక్కటే. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు చూసి నోటుబుక్కులో రాసేవాణ్ణి.

ఆగస్టులో వాన మొహం చాటేసింది. చేను వాడుతోంది. పచ్చగా ఉండగానే పీకేస్తే కాయ దక్కకపోయినా ఆకుతో ఉన్న కట్టె ఆవులకు మేతవుతుంది. కాయ కోసం నిలిపితే, వాన రాకపోతే, ఆకు రాలి రెండూ పోతాయి. మాకు రెండు పొట్టి ఆవులు. ఎండాకాలం వాటికి ఆ కట్టే ఆధారం.

"ఏమంటాది నీ గీత? పీకేదా, నిలిపేదా?" అని అన్న అడిగాడు.

"పది మూటలంటాండాది. నిలుపన్నా."

"చేన్లో మట్టి సూస్తే అట్లా లేదే."

"రోజూ తెల్లారే లోపల ఒకటో రెండో మిల్లీమీటర్లు పడతాండాది. కొలస్తాండా గదా."

"నేను నాలుక్కే లేస్తా. నాకు ఒక సినుకన్నా తగల్లేదే?" అంది వదిన.

"మంచు గూడా లెక్కలోకే వస్తాదంట వదినా. పుస్తకంలో ఉండాది."

"అయితే పుస్తకానికే తగిలుంటాది లేప్పా."

అన్న నిలిపాడు. పన్నెండు రోజులు.

పన్నెండో రోజు, శుక్రవారం పొద్దున్నే చేని నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ అన్న కొలపాత్రలోకి తొంగి చూశాడు. "ఇదేందిరా, మనూర్లో పేడవాన పడతాండాది?"

వదిన బయటికొచ్చి చూసి పకపకా నవ్వింది. "నేను సల్లిన కల్లాపి గదా అది! యాల సెప్పలేదప్పా ఇన్ని దినాలు, నా నీళ్లు కొలస్తాండానని?"

మాది సిమెంటు ముంగిలి. మిగతా రోజుల్లో వదిన ఉత్త నీళ్లే చల్లేది. శుక్రవారం మాత్రం పేడ కలిపేది. ముందటి శుక్రవారాలూ ఆ రంగు చూశాను. పక్కన 'దుమ్ము కలిసిన వాన' అని రాసి కూడా పెట్టాను.

అన్న నవ్వలేదు. వదిన కూడా ఆపేసింది. నేను చిన్న అంకెలన్నీ కొట్టేసి మళ్లీ కూడిక వేశాను. ఆ నెలకు ఒక్క వాన మిగిలింది. గీత మూడు మూటలంది. ఆ మాట చెప్పడానికి బయటికి వచ్చేసరికి అన్న పార తీసుకుని చేనికి వెళ్లిపోయాడు. నేనూ వెళ్లాను. కింది ఆకు అప్పటికే రాలి ఉంది. పీకితే మూడు మూటలు కూడా కాలేదు. అందులోనూ సగం తాలు కాయలే. కట్టె వామి ఎప్పుడూ వేసేదాంట్లో సగం ఎత్తు లేచింది.

ఇప్పుడు వదిన కల్లాపికి ముందు కొలపాత్ర మీద సత్తుగిన్నె బోర్లిస్తుంది.

శివరాత్రికి మేత అయిపోయింది. కుప్పం పక్క వానలు బాగా పడ్డాయి. వదిన పుట్టిల్లు అక్కడే. ఒక ఆవును ఆటోలో ఎక్కించుకుని నేనే తీసుకెళ్లాను. దించాక వాళ్ల నాయనను అడిగాను. "ఈడ ఎంత వాన పడింది మామా?"

"ఎవురు కొలిసినారప్పా? కుంట నిండింది. ఆవును ఈ పక్క కట్టెయ్, ఆడ ఎండ తగల్తాది."

కట్టేశాను. వాళ్ల వామి మా ఇంటి కప్పుకంటే ఎత్తుంది. ఆవు నా వైపు తిరగకుండా మేయడం మొదలుపెట్టింది.