రెండు నాణేలకూ ఒకే గాటు

మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనొక్కదాన్నే. ఆ చదువుతోనే కోఠిలో, పాత నాణేలు ఆన్‌లైన్‌లో అమ్మే ఒక చిన్న ఆఫీసులో చేరాను. మూడు నెలలు చూసి, నచ్చితే ఉంచుకుంటానన్నారు సారు. వచ్చిన నాణెం అసలుదా నకిలీదా తేల్చి, ఎంత పలుకుతుందో రాయడం నా పని. మూడో నెల చివరి వారంలో నా బల్ల మీదికి మొట్టమొదటి రోమన్ వెండి నాణెం వచ్చింది.

చక్రవర్తి తల, చుట్టూ అరిగిన అక్షరాలు. బరువు సరిపోయింది, వెండీ సరిపోయింది. ధర కోసం విదేశీ సైట్లు వెతుకుతుంటే అచ్చం అలాంటిదే ఇంకొకటి కనిపించింది. అవే అక్షరాలు, అదే ముక్కు, చెంప మీద అదే చిన్న గాటు. నాకు కాలు నిలవలేదు. ఆ రోజుల్లో నాణేలను అచ్చు పెట్టి ఒక్కొక్కటే కొట్టేవారు. ఒకే అచ్చు కింద పడ్డ రెండు నాణేలు దొరికితే నమ్మకం పెరుగుతుందని చదివాను. "అసలుది. జోడీ కూడా దొరికింది" అని రాసి, ధర పెంచి పంపాను. "శభాష్, నాలుగింటికి సైట్‌లో అమ్మకానికి పెట్టేద్దాం" అన్నారు సారు.

అన్నానికని చెప్పి శాలిబండలోని మా ఇంటికి ఉరికాను. మా ముందు గదిలోనే బాపు పట్టీలకు వేలాడే వెండి పిందెలు పోత పోస్తాడు.

"బాపూ, ఇగ నా నౌకరీ పక్కా! చూడు, రెండూ ఒక్క తీరుగున్నయ్!"

చేతులు తుడుచుకుని ఫోను అందుకున్నాడు. బొమ్మను పెద్దది చేసి, చెంప దగ్గర ఆగాడు.

"ఈ గాటేంది బిడ్డా?"

"అచ్చులనే ఉండొచ్చు."

"అచ్చుకు గాటు పడితే నాణెం మీద ఉబ్బు లేస్తది. ఇది లోపలికి దిగింది. నాణెం తయారైనంక ఏదో తగిలింది."

"తగిలితే ఏంది?"

"రెండిటికీ గదే జాగల, గంతే లోతు ఎట్ల తగుల్తది? మొన్న సొట్ట పడ్డ పిందెను సూస్కోకుండ మట్టిల ఒత్తి పోసిన. పోసిన ప్రతి పిందెకూ గదే సొట్ట! పిందెలు కొనే సేటు జేసిన లొల్లి మర్చినవా?"

అప్పుడర్థమైంది. దెబ్బ తిన్న అసలు నాణెం ఒకటి ఎక్కడో ఉంది. దాన్ని మట్టిలో ఒత్తి ఎవరో నకళ్లు పోస్తున్నారు. నేను సంబరపడ్డ జోడీయే మోసానికి రుజువు. అప్పటికే మూడుంపావు.

"తిని పోవే!" అని అమ్మ అరుస్తూనే ఉంది. సారు ఫోను ఎత్తడం లేదు. మదీనా చౌరస్తా దగ్గర ట్రాఫిక్‌లో ఆటో కదలకపోతే దిగి, నయాపూల్ మీద నుంచి కోఠి దాకా సగం నడక, సగం పరుగు.

"సార్, ఆపుండ్రి! అది నకిలీ."

"పొద్దుగాల నువ్వే గదా అసలుదని రాసినవ్?"

"తప్పు రాసిన సార్."

"మరి ఇప్పుడెవరు చెప్పిండ్రు?"

"మా బాపు."

"ఏ కాలేజీల పాఠం చెప్తడు?"

"కాలేజీ గాదు సార్. పట్టీలకు పిందెలు పోస్తడు."

సారు నవ్వలేదు. భూతద్దం పెట్టి నాణేన్ని చూశారు, ఫోటోను చూశారు, మళ్లీ నాణేన్ని చూశారు. బాపు చెప్పింది ఆయనకు ఇంకోసారి చెప్పాను, ఉబ్బు దగ్గర నుంచి సొట్ట దాకా.

"నిజమే, గాటు అంచులు పోత పోసినట్టే మొద్దుగున్నయ్. నా సొంత పైసలు పెట్టి కొన్న దీన్ని" అన్నారు చివరికి. నాలుగింటికని సిద్ధం చేసుకున్న అమ్మకం పేజీని తీసేశారు. "రాసింది తప్పని ఉరికొచ్చి చెప్పేటోళ్లు నాకు దొరకరు. సోమవారం నుంచి నువ్వు పర్మనెంట్. కానీ ఈ మూడు నెలలు నువ్వు అసలువని రాసినవన్నీ మళ్ల సూడాలె."

వెంటనే బాపుకు ఫోన్ చేశాను. "ఖాయమైంది బాపూ!" అని అరిచేసరికి పక్క గదిలోవాళ్లు తొంగిచూశారు.

"మస్తు ఖుషీ బిడ్డా! మరి ఆ నాణెం సంగతేమాయె?"

"వచ్చినంక చెప్తా."

నేను పాస్ చేసినవాటిలో సగం అప్పటికే అమ్ముడుపోయాయి. మొదటి రోజు రాసిన నాణెం ఫోటో తెరిచాను. కూర్చోలేక, నిలబడే దాని చెవి, మెడ, అంచుల్లో అలాంటి గాటు కోసం వెతకడం మొదలుపెట్టాను.