హనాన్ చెవి అచ్చు

బర్మింగ్‌హామ్ బస్సులో నా వెనక సీటు పెద్దాయన చెవి మిషను సన్నగా కీచుమంటోంది. చెవిలో పెట్టే అచ్చు వదులైతే వచ్చే చప్పుడది. ఆయనకు వినిపించదు, చుట్టూ ఉన్నవాళ్ళు మొహాలు చిట్లిస్తున్నారు. నాకు మాత్రం పద్మజ ఆంటీ గుర్తొచ్చారు.

ఆంటీది నెల్లూరు. రిటైరయ్యేదాకా ఇక్కడి ఆసుపత్రిలో, వినికిడి విభాగంలో పనిచేశారు. నేను మాస్టర్స్‌కి వచ్చిన కొత్తలో, శనివారాలు ఒక చిన్న సేవాసంస్థ గదిలో ఆవిడ దగ్గర పని నేర్చుకున్నాను. గాజాలో ఒక శరణార్థి శిబిరం బడి నుంచి, చెవుడున్న పిల్లల చెవి కొలతలు, అంటే చెవిలో మెత్తటి ముద్ద పెట్టి తీసిన నమూనాలు, వచ్చేవి. బయటికి రాగలిగిన ఏ డాక్టరో సంచిలో వేసుకుని తెచ్చేవారు. వాటిని బట్టి మేం అచ్చులు చేసి పంపేవాళ్ళం. దిగ్బంధం అంటే పేపర్లో చదివే మాట అనుకునేదాన్ని. గోరంత ప్లాస్టిక్ ముక్క సరిహద్దు గోదాములో నెలల తరబడి పడుంటే అప్పుడు అర్థమైంది.

ఆ బడి పిల్లల్లో ఒకతైన హనాన్‌కి నాలుగేళ్ళు. ఆ వయసులో మాటలు చెవిన పడకపోతే తర్వాత రావడం కష్టం. మా మొదటి అచ్చు చేరేసరికి పిల్ల చెవి పెరిగిపోయి, అది వదులైపోయింది.

"ఆంటీ, ఎదిగే పిల్లకి గౌను కుట్టించినట్టు ఈసారి కాస్త పెద్దది చేద్దామా?" అన్నాను.

"గౌనైతే లోపలికి మడిచి కుట్టొచ్చు. ఇది చెవిలోకి దూరనే దూరదు, పిల్ల ఏడ్చి పీకి పారేస్తాది. సరైన కొలతకే ఇంకోటి చెయ్యి."

రెండోది పంపిన వేసవిలోనే అక్కడ బాంబులు పడ్డాయి. బడి టీచరు సమీరాకి ఫోన్ చేస్తే మోగేది, ఎవరూ తీసేవారు కాదు. ఆంటీ వంట మానేశారు. టేకవే తెచ్చుకుని, అదీ తినకుండా టీవీ ముందు కూర్చునేవారు. నేను భయపడి రోజూ వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. హనాన్ పేరు మాత్రం ఇద్దరం ఎత్తేవాళ్ళం కాదు.

చలి మొదలయ్యాక సమీరానే ఫోన్ చేసింది. అచ్చు ఇప్పుడే చేరిందట. ఇదీ వదులేనట. నాకు ఒళ్ళు మండిపోయింది.

"మళ్ళీ దండగేనా! ఇంకా ఎన్ని చేస్తాం ఆంటీ?"

ఆవిడ కుర్చీలో కూలబడి, ఏడుస్తూనే నవ్వారు. "ఏందమ్మా నువ్వు! చెవి పెరిగిందంటే పిల్ల బతికే ఉండాదని గదా. కొత్త కొలత పంపమను."

ఆ తర్వాతి అచ్చు సరిపోయింది. కానీ చాలా మాటలకి అప్పటికే ఆలస్యమైపోయింది. అమ్మని పిలవడం వచ్చింది గానీ వాక్యాలు రావడం లేదని సమీరా చెప్పింది. ఆంటీ ఆ సంగతి ఎవరి దగ్గరా దాచలేదు, మేమేదో గెలిచామని నన్ను అననివ్వలేదు.

ఇప్పుడు ఆవిడ లేరు. నా క్లినిక్‌కి తల్లులు వచ్చి, మొన్న చేయించిన అచ్చు అప్పుడే వదులైందని విసుక్కుంటారు. నేను ముందు పిల్లని చూసి సంతోషపడతాను, తర్వాత కొలత తీసుకుంటాను. వారం తిరిగేసరికి కొత్తది వాళ్ళ చేతిలో పెడతాను. ఇంత తేలికైన పని హనాన్‌కి ఎందుకు జరగలేదన్న కోపం మాత్రం నాలో ఇప్పటికీ చల్లారలేదు.