సుంకమ్మ పిన్నమ్మ ఆకుకట్టు

మా పిన్నమ్మ సుంకమ్మ పోయిన మంగళవారం తెల్లవారుజామున, నందికొట్కూరు దగ్గరి తన పల్లెలో కన్నుమూసింది. కబురు కర్నూలుకు చేరేటప్పటికి నేను పత్రికా కార్యాలయంలో యుద్ధవార్తలు దిద్దుతున్నాను. ఎందరి మరణవార్తలనో కుదించి అచ్చుకిచ్చిన నాకు ఆ పూట ఒక్క వాక్యం కుదరలేదు. కలం పక్కన పెట్టి బస్సెక్కాను.

ఆమె మా అమ్మకు చెల్లెలు. పుట్టింది పెన్న ఒడ్డున, గండికోట దాపున. తల్లి దగ్గర నేర్చిన ఆకుకట్టు విద్యను కాపురానికి వెంట తెచ్చుకుంది. వాపుకు, బెణుకుకు, కీళ్లనొప్పికి వావిలాకు, పసుపు, ఇంకొక ఆకు కలిపి నూరి, ఆముదంతో వెచ్చజేసి గుడ్డతో కట్టేది. వావిలాకును అందరూ ఎరుగుదురు. ఆ ఇంకొక ఆకును మాత్రం ఆమె ఒంటరిగా పోయి కోసుకొచ్చేది. దాని పేరు నోట పలికితే గుణం పోతుందని, తన తరువాత కట్టబోయే ఒక్కరికే ఆకును చేతికిచ్చి చూపాలని వాళ్ల ఇంటి నియమం. ఇద్దరికి చూపితే ఎవరి చేతా పనిచేయదట.

ఒకసారి ఒక రెవెన్యూ అధికారి కాలు మడతపడి, మందు తెమ్మని బంట్రోతును పంపాడు. పిన్నమ్మ ఆ బంట్రోతుకు మజ్జిగ ఇచ్చి, "నొప్పి నీకా, ఆయప్పకా? ఆయప్పకైతే ఆ కాలే ఈడికి రావల్ల" అని పంపేసింది. సాయంత్రానికి దొర ఎద్దులబండిలో దిగాడు. ఆమె ఆ మడమను బొటనవేలితో ఒత్తి ఒత్తి చూసి, ఎముక చిట్లిందేమోనని అనుమానించి, ఆకు ముట్టకుండా ఆసుపత్రికి పొమ్మంది. ఈ మాట బంట్రోతుతోనే చెప్పి ఉండవచ్చు కదా అని ఆయన గొణిగాడట. "బంట్రోతు కాలు ఒత్తితే నీది తెలుస్తాదా సామీ" అందట పిన్నమ్మ. తన మందు ఎంతవరకు పనిచేస్తుందో అంత స్పష్టంగా తెలిసిన వైద్యులను నేను కొద్దిమందినే చూశాను.

ఆ ఆకు నాకు చూపమని అడిగింది నేనే. చాలా ఏళ్లు నవ్వి తప్పించుకుంది. చివరికి ఒకనాడు, "మీ పేపరోళ్లకు నోట్లో నువ్వుగింజ నానదంటారే. అయినా చదువుకున్నోనివి, మర్సిపోవు. వానలు పడినాక రా నాయనా, చెట్టు కాడనే చూపిస్తా" అంది. రెండు వానాకాలాలు గడిచాయి. పత్రిక పని సాకుతో నేను పోలేదు.

నిరుడు ఆమెకు కాళ్లు పట్టు తప్పాయి. నేనిక రానని తలచిందో ఏమో, కర్ర ఊతంగా పోయి తానే ఆకు కోసి, గుడ్డలో కుట్టి, బడి అయ్యవారి చేత చిరునామా రాయించి తపాలాలో పంపింది. లోపల ఉత్తరం లేదు. పేరు రాయకూడదు కదా. తీరిక లేని రోజున వచ్చిన ఆ పొట్లాన్ని సొరుగులో పడేశాను. ఇరవై రోజులకు గుర్తొచ్చి విప్పితే పొడి రాలింది. ఊళ్లోని వైద్యుడొకరికి చూపాను. ఆయన వాసన చూసి, ఇది ఏ ఆకైనా కావచ్చునన్నాడు.

మళ్లీ పంపమని రాయవచ్చు. స్వయంగా పోనూవచ్చు. ఆ ముసలి ప్రాణాన్ని మరోసారి నడిపించలేక, సొరుగు సంగతి చెప్పుకోలేక, ఒక కార్డు రాశాను: "ఆకు చేరింది. గుర్తుపట్టాను."

మూడోనాటి కర్మ ముగిసిన పూట పొరుగూరి బండలు కొట్టే మనిషి ఒకడు, ఆమె పోయిందని తెలియక, వాచిన మోకాలితో వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. పిన్నమ్మ కోడలు నరసమ్మ, పదేళ్లుగా అత్త పక్కన పసుపు నూరిన మనిషి, సన్నికల్లు తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇంగ నువ్వే నూరల్ల బావా."

నాకు తెలియదన్నాను. దుఃఖం కొద్దీ అంటున్నాననుకుని ఆమె కదలలేదు. అప్పుడు సొరుగు సంగతి, కార్డు సంగతి అంతా చెప్పాను. నరసమ్మ సన్నికల్లును తన వైపు లాక్కుంది. పోయిన నెలలో తానూ ఆ ఆకు చూపమని అత్తను అడిగిందట. అది కర్నూల్లో తన అక్క కొడుకు దగ్గర భద్రంగా ఉందని, ఇంకొకరికి చూపి వాని చెయ్యి చెడగొట్టనని అత్త అందట.

"ఆ కార్డు రాయకుంటే నాకన్నా చూపిచ్చుంటుండె బావా" అంది నరసమ్మ. మాటలో కోపం లేదు. వావిలాకు, పసుపు మాత్రమే నూరి ఆ మోకాలికి కట్టింది. వాపు తగ్గకుంటే ఆసుపత్రికి పొమ్మని అత్త మాదిరిగానే చెప్పింది.

పిన్నమ్మ తృప్తిగా పోయిందని అందరూ నన్ను ఓదారుస్తున్నారు. ఆ తృప్తి నేను అబద్ధంతో ఇచ్చినది. వాళ్ల వంశంలో చేతి నుంచి చేతికి వచ్చినది నా దగ్గర తెగిపోయింది. ఆమెకు నేను అర్పించగల నివాళి ఒక్క మనవి మాత్రమే. నందికొట్కూరు చుట్టుపక్కల గాని, గండికోట దిక్కున గాని ఆమె ఏ చెట్టు దగ్గర వంగి ఆకు కోసిందో చూసినవారు ఎవరైనా ఉంటే, దయచేసి ఒక రెమ్మ తుంచి నరసమ్మ చేతికివ్వండి. నాకు పంపవద్దు.