శశికళ నిండు నిమిషం

ఆబిడ్స్ పోస్టాఫీసు వెనక సందులో ఉన్న ఒక ప్రైవేటు దవాఖానలో నేను పదకొండేళ్లు గుమాస్తాగా చేశాను. ఆ కొలువు తలుచుకుంటే ఇప్పటికీ నోరు చేదవుతుంది. అక్కడ నేను మరిచిపోలేని మనిషి శశికళ సిస్టర్.

పొద్దున్నే కాచిగూడ నుంచి నడిచొచ్చేది. నాడి చూడమంటే మిగతా నర్సులు పదిహేను సెకండ్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేసేవాళ్లు. శశికళ మాత్రం స్టూలు లాక్కొని, రోగి మణికట్టు పట్టుకొని నిండు నిమిషం కూర్చునేది. అప్పుడు ఎవరు పిలిచినా పలికేది కాదు. లేచేసరికి మొహం తేటపడేది. ఎందుకమ్మా అని ఒకసారి అడిగితే, పొద్దున్నుంచి తను ఒక మనిషి దగ్గర నిలకడగా ఉండేది ఆ నిమిషమేనంది.

1967లో పని తట్టుకోలేక నలుగురు నర్సులు మానేశారు. యజమాని డాక్టర్ రాధాకృష్ణమూర్తి కొత్తవాళ్లను పెట్టుకోలేదు. మిగిలినవాళ్ల మనశ్శాంతి కోసమంటూ ధ్యానం క్లాసు పెట్టాడు. మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ దిగగానే మేడమీద అరగంట కళ్లు మూసుకోవాలి. ఆలస్యమైతే ఎర్ర గీత, మూడు గీతలకు ఆదివారం సెలవు రద్దు. శాంతికి కూడా హాజరుపట్టీ! అది రాసే దరిద్రం నాది. నాడికి పదిహేను సెకండ్లు మించరాదన్న మెమో టైపు చేసిందీ నేనే.

వారమంతటి అలసట శశికళ ఆ ఆదివారం నిద్రలోనే తీర్చుకునేది. ఆ నిండు నిమిషాల వల్ల ఆలస్యమై అప్పటికే రెండు గీతలు పడ్డాయి. అందరిలాగే నాడి పదిహేను సెకండ్లు చూసి త్వరగా మేడెక్కమని బతిమాలాను. విననట్టే పోయింది.

ఆ వారమే డాక్టరు తల్లి వసుమతమ్మ గుండెదడతో చేరింది. నర్సు కళ్లముందు ఉండాలని ఆయనే జనరల్ వార్డులో మంచం వేయించాడు. శనివారం రెండు కావస్తుండగా వార్డులోకి వచ్చాడు. వెనక ఫైలుతో నేనున్నాను. గొంతు తగ్గించి అన్నాడు:

"సిస్టర్, అమ్మకు మాత్రం పూర్తి నిమిషం చూడండి."

అక్కడే ఉమ్మేయాలనిపించింది నాకు.

శశికళ తలెత్తలేదు. పెద్దామె నాడి నిండు నిమిషం చూసి, చార్టులో రాసి, పక్క మంచానికి స్టూలు జరిపింది. ఆ మంచం నాంపల్లి స్టేషన్ హమాలీ మొగులయ్యది. అతని చెయ్యి అందుకుంది.

"అందరికీ గట్లనే చూస్తున్న సార్," అంది. "గిప్పుడు జర మాట్లాడకుండ్రి."

ఆ నిమిషమంతా డాక్టరు నోరెత్తకుండా నిలబడ్డాడు. తర్వాత గడియారం చూసుకొని, రెండు దాటిందని నాకు గుర్తుచేశాడు.

నేను కిందికి పోయి శశికళ పేరు పక్కన మూడో గీత గీశాను.