గర్జనగారి గొంతు

కళ్ళజోళ్ళ కొట్టులో ఆయన గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు. "తల కాస్త ఇటు తిప్పండమ్మా, చెవి దగ్గర నొక్కుతోందా?" అని ఆయన అడిగే తీరుకి సగం నొప్పి అక్కడే తగ్గిపోతుంది. అలాంటి మనిషిని ఊరంతా "గర్జనగారు" అంటుంది. అమ్మానాన్నా పెట్టిన పేరు కొట్టు బోర్డు మీద మాత్రం ఉంది. దాన్ని ఎవరూ చదవరు. చదవగలిగినవాళ్ళకి ఆ కొట్టుతో పనేముంది?

బిరుదు నాటకం తెచ్చిపెట్టింది. మార్కెట్ వెనక రేకుల హాల్లో ఒక నాటక సమాజం ఉంది. వాళ్ళు ఒక పాత భయానక నవలని నాటకంగా వేసి, జనం మరిచిపోకముందే మళ్ళీ వేస్తుంటారు. కొండమీద బంగళా, పొగమంచు, ఊరికే ఆరిపోయే కొవ్వొత్తి, కొత్త పెళ్ళికూతురు, మేడమీద గదిలో ఒక పరదేశి. పెళ్ళికూతురు మాయమవుతుంది. జనం కాగడాలు పట్టుకుని బంగళా మీద పడతారు. పరదేశి మెట్లు దిగి వచ్చి ఒక్క గర్జన గర్జిస్తాడు. తెర పడుతుంది. ఈలలు.

గర్జనగారి ఎడమ చెంపని సగం కమ్మేసిన పుట్టుమచ్చ ఒకటుంది. రంగు పూసే పని తప్పుతుందని కుర్రతనంలోనే ఆయనకి పరదేశి వేషం కట్టబెట్టారు. అప్పట్నుంచీ ఆ మెట్లు ఇంకెవరూ దిగలేదు.

ఈసారి దర్శకత్వం మేనకోడలి చేతికొచ్చింది. కాలేజీలో పాఠాలు చెప్పే మనిషి. ఆదివారం భోజనానికి వస్తూ నవల వెంట తెచ్చింది.

"ఈసారి కథని అటునుంచి చూద్దాం మావయ్యా. అసలు ఆ పరదేశి చేసిన తప్పేంటి?"

"మొహం," అంది వంటింట్లోంచి అత్తయ్య.

"అదే! అతను ఏదైనా చేస్తుండగా చూసినవాడు పుస్తకం మొత్తంలో ఒక్కడూ లేడు. అయినా అందరికీ తెలుసు!"

నాటకం చివర 'మనుషులంతా ఒక్కటే' అని ఒక ఉపన్యాసం పెట్టమని సమాజం కార్యదర్శి అప్పటికే సలహా ఇచ్చాడట. ఉపన్యాసం వినే జనం ఉపన్యాసాలకే వెళతారని ఆమె తోసిపుచ్చింది. మంచి పని చేసింది.

ఆమె చివరి ఘట్టం పైకి చదివింది. "పరదేశి మెట్లమీద నిలబడి, నా మాట ఒక్కటి వినమని అర్థించాడు."

కూర తెస్తున్న అత్తయ్య గిన్నె బల్లమీద పెట్టి, కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"ఏంటే ఆ నవ్వు?"

"అప్పట్లో మనకి నాటకం నేర్పిన పెద్దాయన మీకు చెప్పిందీ అదేనండీ! కొత్తగా పళ్ళు కట్టించుకున్నాడు, పాపం మాట తిరిగేది కాదు. 'ఇక్కడ అర్థించు' అన్నాడు. మీరు గర్జించారు!"

"గర్జించమనే అన్నాడు."

"నేను పక్కనే ఉన్నానుగా, పెళ్ళికూతురి వేషంలో."

"మరి అప్పుడే చెప్పి ఏడవొచ్చుగా!"

"రిహార్సల్ చూడ్డానికొచ్చినవాళ్ళంతా చప్పట్లు కొడితే ఎలా చెప్పను? ఆయనా కిమ్మనలేదు. ఆ మొహానికి గర్జనే నప్పిందనుకున్నారు అందరూ."

గర్జనగారు కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశారు. "నువ్వు కూడానా?"

"నేనూ అంతే," అంది ఆవిడ, నవ్వు ఆపి. "మీ చేత్తో కళ్ళజోడు పెట్టించుకునేదాకా."

మేనకోడలు మాత్రం లంకెబిందెలు దొరికినట్టు మెరిసిపోతోంది.

"అయితే మావయ్యా, ఈసారి..."

"నా వల్ల కాదు. జనం నవ్వుతారు. గర్జన తీసేస్తే నాకు మిగిలేది ఈ మచ్చేనే అమ్మా."

ఆ ఒక్క గర్జన వల్లే వీధిలో ఆయన్ని చూసి మచ్చ గురించి కాక నాటకం గురించి మాట్లాడేవాళ్ళు. అది పోతే ఏమవుతుందో ఆయనకి చిన్నప్పుడే తెలుసు. అయినా మేనకోడలు చెవినిల్లు కట్టుకుని పోరింది. ఆయన ఒప్పుకున్నారు, కానీ రిహార్సల్లో ఆ అర్థింపు జలుబు చేసిన పిల్లి మూలిగినట్టుండేది.

"కొట్టులో మాట్లాడినట్టు మాట్లాడండి," అంది భార్య.

"కొట్టులో మాట్లాడేది వేషమా?"

"కాదనేగా నేను చెప్పేది!"

నాటకం రోజు హాలు కిక్కిరిసింది. ముందు వరసలో ఎప్పట్లాగే ఇనుపసామాన్ల కొట్టాయన. గర్జన వినడానికే వస్తానని ఊరంతా చాటుకునే వీరాభిమాని. కాగడాలు వచ్చాయి. పరదేశి మెట్లు దిగాడు. నోరు తెరిచాడు.

"ఘ్రాఁ!"

గర్జించింది ఇనుపసామాన్ల ఆయన. ఉండబట్టలేకపోయాడు. హాలంతా అందుకుంది. ఈలలు, నవ్వులు, ఎవరికి చేతనైనట్టు వాళ్ళ గర్జనలు. స్టేజీ మీద కాగడాలవాళ్ళకి ఏం చెయ్యాలో తోచలేదు. వాళ్ళ పని హాలే చేసేస్తోంది మరి. తెర పక్కన మేనకోడలు తల పట్టుకుంది.

గర్జనగారు ఒక్క గర్జన వేస్తే హాలు మళ్ళీ ఆయనదే. ఆ సంగతి ఆయనకీ తెలుసు. కానీ కొట్టులో కొత్త అద్దాలు పెట్టగానే కొందరు గాభరాపడి "ఏం కనపడ్డం లేదు" అని కేకలేస్తారు. ఆయన వాదించరు. కాస్త ముందుకి వంగి, వాళ్ళ కళ్ళు కుదుటపడేదాకా నిలబడతారు. ఇప్పుడూ అలాగే నిలబడ్డారు.

అరుపు పలచబడింది. పక్కవాడు ఆగితే ఎవడి గొంతు వాడికే వినపడి, ఒక్కొక్కళ్ళే ఆగారు.

"అయ్యా," అన్నారు గర్జనగారు, కొట్టులో గొంతుతో, "నేను ఇంకా ఏమీ అనలేదు."

ఆ మాట నాటకంలో లేదు. ఆ తర్వాత నాటకంలో ఉన్నవన్నీ చెప్పారు. ఎవరూ దగ్గలేదు కూడా. తెర పడ్డాక చప్పట్లు ఆలస్యంగా, చెల్లాచెదురుగా వచ్చాయి. టికెట్ దండగన్నవాళ్ళూ ఉన్నారు.

మర్నాడు కొట్టు తియ్యగానే ఇనుపసామాన్ల ఆయన వచ్చాడు. కళ్ళజోడు కాడ వదులైందట. చూస్తే బాగానే ఉంది.

"మరి గర్జన పూర్తిగా మానేసినట్టేనా?" అన్నాడు కూర్చుంటూ.

"మీరు అందుకున్నారుగా. ఇంక నేనెందుకు?"

ఆయన నవ్వబోయాడు, నవ్వు రాలేదు. గర్జనగారు కాడ కొంచెం బిగించి, జోడు ఆయన మొహానికి పెట్టారు.

"తల కాస్త ఇటు తిప్పండి. నొక్కుతోందా?"

"కొంచెం," అన్నాడు ఇనుపసామాన్ల ఆయన, ఆ మచ్చ వైపే చూస్తూ. ఆ తర్వాత గొంతు సవరించుకుని అడిగాడు. "అవునూ, మీ అసలు పేరేంటండీ?"

"ఇప్పుడు జోడు పెట్టానుగా," అన్నారు గర్జనగారు. "బయటికెళ్ళి బోర్డు చదవండి."